సినిమా ఫిల్మ్, స్టిల్ కెమెరా: తీయడం సులువే, కడిగేదెలా?

సినిమా షూటింగుల కోసం తయారైన ఫిల్మ్‌ను స్టిల్ కెమెరాలో వేసి ఫోటోలు తీసే అలవాటు ఈ పదిహేనేళ్లలో మళ్లీ ఊపందుకుంది. దాంతోపాటే వాదనలూ పెరిగాయి. అలా వాడొచ్చా? వాడితే ఏ రసాయనాల్లో కడగాలి? ల్యాబ్ వాళ్లు ఎందుకు వద్దంటున్నారు? వెనక నల్లపూత తీసేసి అమ్మే రోల్ కొనాలా, పూతతో ఉన్నదే కొని ఇంట్లో కడుక్కోవాలా? ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. వాటిలో కొన్ని రసాయనశాస్త్రం చెప్పేవి, కొన్ని అనుభవం చెప్పేవి, కొన్ని అమ్మేవాళ్లు చెప్పేవి. మూడూ కలగలిసిపోవడంతో కొత్తగా ఫిల్మ్ కెమెరా పట్టిన కుర్రకారుకు ఏది నమ్మాలో తోచడం లేదు.

శ్రీరాంపూర్, మంచిర్యాల, గోదావరిఖని వంటి బొగ్గుగని ఊళ్లలో ఈ చిక్కు ఇంకాస్త బిగుస్తుంది. ఒకప్పుడు ప్రతి సెంటర్‌లోనూ రోల్స్ తీసుకున్న స్టూడియోలు డిజిటల్‌కు మారి చాలా ఏళ్లయింది. ఇక్కడ రోల్ తీసినవాళ్లు దాన్ని దూరపు నగరానికి కొరియర్ చేయాలి, లేదా వంటింటి గట్టు మీదే కడుక్కోవాలి. అందుకని ఏ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో నగరంలో ఉన్నవాళ్ల కంటే వీళ్లకే బాగా తెలిసి ఉండాలి.

సినిమా ఫిల్మ్‌ను స్టిల్ కెమెరాలో వాడొచ్చా అన్న ప్రశ్న నూరేళ్ల కిందటే తేలిపోయింది. ఇప్పుడు మిగిలింది కడిగే సంగతి, ఆ కడిగేవాళ్లతో నిజాయితీగా ఉండే సంగతి. చరిత్రనూ, వాదాలనూ వరుసగా చూస్తే ఇది స్పష్టమవుతుంది.

రెండింటిదీ ఒకటే పుట్టుక

35 మి.మీ. ఫిల్మ్ పుట్టిందే సినిమా కోసం. 1890ల మొదట్లో అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలలో విలియం కెనెడీ లారీ డిక్సన్, ఈస్ట్‌మన్ కంపెనీ నుంచి తెప్పించిన వెడల్పాటి ఫిల్మ్‌ను నిలువునా సగానికి కోయించి, రెండు అంచుల్లోనూ బొమ్మకు నాలుగేసి రంధ్రాల చొప్పున కొట్టించాడు. సినిమా ఫ్రేమ్ 18 మి.మీ. ఎత్తు, 24 మి.మీ. వెడల్పుతో స్థిరపడింది.

జర్మనీలోని వెట్జ్‌లార్‌లో లైట్జ్ కంపెనీలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ 1913-14లో ఆ ఫిల్మ్‌నే అడ్డంగా నడిపే చిన్న కెమెరా తయారుచేశాడు. రెండు సినిమా ఫ్రేముల జాగాను ఒక్క ఫోటోకు ఇవ్వడంతో 24×36 మి.మీ. కొలత వచ్చింది. 1925లో అదే లైకా పేరుతో మార్కెట్లోకి వచ్చింది. తొలినాళ్ల లైకా వాడకందారులు సినిమా ఫిల్మ్‌నే చీకటిగదిలో ముక్కలుగా కత్తిరించి, క్యాసెట్‌లోకి చుట్టుకుని వాడేవారు. పగటి వెలుతురులోనే కెమెరాలో వేసుకోగల రెడీమేడ్ క్యాసెట్‌ను కొడక్ 1934లో తెచ్చింది. మనం ఇవాళ 135 రోల్ అంటున్నది అదే. సినిమా ఫిల్మ్‌ను స్టిల్ కెమెరాలో వేయడాన్ని అక్రమ ప్రయోగంగా చూసేవాళ్లు ఈ పుట్టుకను గుర్తుపెట్టుకోవాలి.

సినిమా ఫిల్మ్, స్టిల్ ఫిల్మ్ విడిపోయింది రంగుల కాలంలో. స్టిల్ ఫోటోల కలర్ నెగెటివ్‌లకు కొడక్ 1972లో సీ-41 పద్ధతిని తెచ్చింది. సినిమా నెగెటివ్‌లకు 1974లో ఈసీఎన్-2 వచ్చింది. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. రెండింటిలోనూ డెవలపర్, బ్లీచ్, ఫిక్సర్ ఉంటాయి. కానీ లోపల వాడే రసాయనం వేరు, ఫిల్మ్ వెనక పూత వేరు, ఆ నెగెటివ్ చివరకు చేరాల్సిన చోటు వేరు. ఇప్పటి తగవంతా ఈ మూడు తేడాల నుంచే వచ్చింది.

మొదటి పెద్ద రగడ కూడా అమెరికాలోనే జరిగింది. సియాటిల్ ఫిల్మ్‌వర్క్స్ అనే కంపెనీ 1970ల చివరి నుంచి కొడక్ 5247 సినిమా నెగెటివ్‌ను 35 మి.మీ. క్యాసెట్లలో నింపి పోస్టులో పంపేది. ఒకే రోల్ నుంచి ప్రింట్లూ స్లైడ్లూ రెండూ వస్తాయన్నది దాని ఆకర్షణ. ఆ రోల్‌ను మామూలు వీధి ల్యాబ్‌లో కడిగించలేకపోవడమే దాని మీద వచ్చిన పెద్ద విమర్శ. కొన్నవాళ్లు మళ్లీ సినిమా పద్ధతి తెలిసిన ల్యాబ్‌కే వెళ్లాల్సి వచ్చేది. తీసేవాళ్లకు స్వేచ్ఛ ఉన్నా కడిగే తాళంచెవి మరొకరి చేతిలో ఉండిపోయిందన్న ఫిర్యాదు అప్పటి నుంచీ ఆగలేదు.

మన దేశంలో ముడి ఫిల్మ్ దారి

మన దగ్గర ఫిల్మ్ ఎప్పుడూ సులువుగా దొరికిన సరుకు కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ముడి ఫిల్మ్ మీద ప్రభుత్వ నియంత్రణ వచ్చింది. కథా చిత్రానికి 11,000 అడుగుల పరిమితి పెట్టారు. స్వాతంత్ర్యం తర్వాత విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల ముడి ఫిల్మ్ దిగుమతి ప్రభుత్వ సంస్థల చేతుల మీదుగా సాగింది. 1980లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఇండియన్ మోషన్ పిక్చర్ ఎక్స్‌పోర్ట్ కార్పొరేషన్ కలిసి ఎన్‌ఎఫ్‌డీసీగా మారాక ఆ బాధ్యత దానికి వచ్చింది. దేశంలోనే ఫిల్మ్ తయారుచేయాలని 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌ను స్థాపించారు. 'ఇందు' పేరుతో వచ్చిన దాని సరుకు ఎక్కువగా నలుపు-తెలుపు ఫోటోలకు, ఎక్స్‌రేలకు పనికొచ్చింది. కలర్ నెగెటివ్ కోసం మాత్రం ఈస్ట్‌మన్, గేవా, తూర్పు జర్మనీ ఓర్వో కంపెనీల మీదే ఆధారపడాల్సి వచ్చింది. ఆనాటి సినిమా పోస్టర్ల మీద 'ఈస్ట్‌మన్ కలర్', 'గేవా కలర్' అని పెద్ద అక్షరాలతో వేసేవారంటే ఫిల్మ్ పేరుకు ఎంత విలువ ఉండేదో అర్థమవుతుంది.

తెలుగు సినిమా రీళ్లు కడిగే పని చాలాకాలం మద్రాసులో జరిగింది. తెలుగువారి వరకు చెప్పుకోదగ్గ పేరు ప్రసాద్ ల్యాబ్‌ది. ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో పుట్టి, 'ఆలం ఆరా'లోనూ తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ నటించిన ఎల్.వి. ప్రసాద్, 1976లో మద్రాసులో ప్రసాద్ ఫిల్మ్ ల్యాబొరేటరీస్‌ను నెలకొల్పారు. తర్వాతి దశాబ్దాల్లో దక్షిణాది సినిమాల నెగెటివ్‌లు ఎన్నో దాని ట్యాంకుల గుండా వెళ్లాయి.

షూటింగ్‌లో వాడగా మిగిలిన ముక్కలను సినిమా వాళ్లు షార్ట్ ఎండ్స్ అంటారు. 35 మి.మీ. సినిమా ఫిల్మ్ సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 90 అడుగులు పరుగెడుతుంది. అంటే 400 అడుగుల డబ్బా నాలుగున్నర నిమిషాల్లోపే అయిపోతుంది. స్టిల్ కెమెరా పట్టినవాళ్లకు అదే 400 అడుగుల నుంచి 36 ఫోటోల రోల్స్ 70కి పైగా వస్తాయి. సినిమా యూనిట్ పక్కన పడేసే వంద అడుగుల తుండు ఫోటోగ్రాఫర్‌కు 18 రోల్స్‌కు సరిపోతుంది. ఈ లెక్క తెలిసిన వాళ్లెవరికైనా సినిమా ఫిల్మ్ మీద కన్ను పడటం సహజం.

2010 తర్వాత కథ మారిపోయింది. సినిమాలు డిజిటల్‌కు మళ్లాయి. 2012లో కొడక్ దివాలా రక్షణ కోరింది. అదే ఏడాది ఫుజీఫిల్మ్ సినిమా షూటింగ్ ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చెన్నై, హైదరాబాద్, ముంబయి నగరాల్లో సినిమా ల్యాబ్‌లు ఒక్కొక్కటే ట్యాంకులు ఖాళీ చేశాయి. విచిత్రమేమంటే, ఈసీఎన్-2 కడిగే చోట్లు తగ్గిపోతున్న అదే కాలంలో స్టిల్ ఫోటోగ్రాఫర్లలో ఈ ఫిల్మ్ మీద మోజు పెరిగింది.

చిక్కంతా వెనక పూతలోనే

కొడక్ కలర్ సినిమా నెగెటివ్‌లకు దశాబ్దాలుగా వెనకవైపు రెమ్‌జెట్ అనే పొర ఉండేది. అది బొగ్గుపొడి లాంటి సన్నటి కార్బన్‌ను బైండర్‌లో కలిపి వేసిన నల్లపూత. దానికి నాలుగు పనులు. మొదటిది, ఫిల్మ్‌ను దాటి వెళ్లిన వెలుగు వెనక నుంచి తిరిగొచ్చి మళ్లీ బొమ్మ మీద పడకుండా మింగేయడం. రెండోది, కెమెరాలో వేగంగా కదిలేటప్పుడు స్థిరవిద్యుత్తు నిప్పురవ్వలు పుట్టకుండా చూడటం. మూడోది, ఫిల్మ్ గీతలు పడకుండా కాపాడటం. నాలుగోది, జారుడుగా నడిపించడం.

సినిమా ల్యాబ్‌లో మొదటి అంకమే ఈ పూతను తీయడం. బోరాక్స్, సోడియం సల్ఫేట్, కొద్దిగా సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన ప్రీబాత్‌లో ఫిల్మ్‌ను 27 డిగ్రీల దగ్గర 10 సెకన్లు నానబెడతారు. పూత మెత్తబడ్డాక నీటి జల్లుతోనూ, తిరిగే రోలర్లతోనూ తుడిచేస్తారు. ఆ తర్వాతే 41.1 డిగ్రీల డెవలపర్‌లో మూడు నిమిషాలు. వీధిలోని సీ-41 యంత్రంలో ఈ ప్రీబాత్ ఉండదు. పూతతో ఉన్న ఫిల్మ్‌ను తెలియక అందులో వేస్తే ఏం జరుగుతుందో ల్యాబ్ నడిపినవాళ్లందరికీ తెలుసు. కార్బన్ డెవలపర్‌లో పొరలు పొరలుగా ఊడి రోలర్లకు అంటుకుంటుంది. అక్కడి నుంచి తర్వాత వచ్చే ప్రతి రోల్ మీదికీ చేరుతుంది. ఒకరి రోల్ వల్ల ఆ రోజు వచ్చిన పెళ్లి ఫోటోల రోల్స్ అన్నీ నల్లమచ్చలతో బయటికొస్తాయి. ట్యాంకులో ఉన్న రసాయనమంతా పారబోసి, రోలర్లు విప్పి శుభ్రం చేయాలి. సినిమా ఫిల్మ్ తీసుకోబోమని ల్యాబ్‌లు అనడంలో మొండితనం లేదు, ఆ నష్టం తప్పించుకోవాలన్న జాగ్రత్తే ఉంది.

పూత ఉందో లేదో కనిపెట్టడం కష్టం కాదు. ఫిల్మ్ మొదటి అంచును వెనక్కి తిప్పి చూడాలి. మామూలు సీ-41 రోల్ వెనకవైపు నున్నగా మెరుస్తుంది. రెమ్‌జెట్ ఉన్నదైతే వెలుగు పడినా మెరవని మసినలుపు. తడి వేలితో రుద్దితే వేలికి నలుపు అంటుకుంటుంది. కడిగాక అంచున ఉండే నంబరు కూడా గుట్టు విప్పుతుంది. 5219 అంటే కొడక్ విజన్3 రకంలోని 500టి, 5207 అంటే 250డి, 5213 అంటే 200టి, 5203 అంటే 50డి. 'టి' ఉన్నవి 3200 కెల్విన్ బల్బు వెలుగుకు, 'డి' ఉన్నవి పగటి వెలుగుకు తయారుచేసినవి.

2025లో కొడక్ ఈ చిక్కును మూలంలోనే తగ్గించే పని మొదలుపెట్టింది. విజన్3 ఫిల్మ్‌లకు రెమ్‌జెట్ బదులు, బొమ్మ పడే ఎమల్షన్ పొర అడుగున ఉండి కడిగేటప్పుడు దానంతటదే పోయే వెలుగునిరోధక పొర వేయడం ప్రారంభించింది. ఈ కొత్త సరుకు యంత్రంలో మసి రాల్చదు. అయితే పాత పూతతో ఉన్న డబ్బాలు ఇంకా ఫ్రిజ్‌లలో, అరల్లో ఉన్నాయి. నంబర్లు కూడా అవే. అందుకే పేరు చూసి నమ్మకుండా వెనకవైపు తిప్పి చూసే అలవాటు ఇంకొన్నేళ్లు వదలకూడదు.

నాలుగు వాదాలు

*సినిమా పద్ధతే సరైనది.* ఈ వాదం రసాయనశాస్త్రం మీద నిలబడింది. ఈసీఎన్-2 డెవలపర్‌లో సీడీ-3 అనే రంగు డెవలపర్ ఉంటుంది. సీ-41లో ఉండేది సీడీ-4. ఫిల్మ్‌లోని కప్లర్లు దేనితో కలిస్తే ఏ రంగు రావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. సినిమా ఫిల్మ్ కప్లర్లను సీడీ-3 కోసమే కూర్చారు కాబట్టి, దాంట్లో కడిగితేనే రంగుపొరలు మూడూ ఒకదానితో ఒకటి సరిగ్గా నడుస్తాయి. ఇలా కడిగిన నెగెటివ్‌కు కాంట్రాస్ట్ తక్కువగా ఉంటుంది. వెలుగులోనూ నీడలోనూ వివరం మిగులుతుంది. సినిమా నెగెటివ్ మరో ప్రింట్ ఫిల్మ్ మీదికి వెళ్లాల్సినది కాబట్టి అలా తయారుచేశారు. స్కాన్ చేసేవాళ్లకు ఈ గుణం వరం. చీకటిగదిలో నేరుగా కలర్ పేపర్ మీద ప్రింట్ వేసేవాళ్లకు మాత్రం బొమ్మ చప్పగా వస్తుంది. ఆ పేపర్‌ను సీ-41 నెగెటివ్ కాంట్రాస్ట్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. ఈ సంగతి ఈ వాదం వాళ్లు ఎక్కువగా చెప్పరు.

*సీ-41 చాలు.* ఇది వాడకం మీద నిలబడిన వాదం. నల్లపూతను ముందే తీసేస్తే మిగతాది మామూలు రోలే కదా, దొరికే రసాయనంలో కడుక్కుందాం అంటారు వీళ్లు. బొమ్మ వస్తుంది, సందేహం లేదు. కాంట్రాస్ట్ పెరుగుతుంది, రంగులు కొంచెం పక్కకు జరుగుతాయి. ముఖ్యంగా నీడల్లో ఒక రంగు, వెలుగుల్లో మరో రంగు మొగ్గుతాయి. స్కాన్ చేసి కంప్యూటర్‌లో సరిచేసుకునేవాళ్లకు ఇది పెద్ద అడ్డు కాదు. వీళ్ల వాదనలో బలమైన మాట ఒకటే: దొరకని సరైన పద్ధతి కంటే దొరికే సుమారు పద్ధతి మేలు. బలహీనత కూడా అక్కడే. ఒక రోల్‌లో బాగా వచ్చిన ఫలితం మరో రోల్‌లో అలాగే వస్తుందన్న భరోసా తక్కువ.

*పూత తీసేసిన రోల్ కొందాం.* అమెరికాలో సినీస్టిల్ కంపెనీ 2010ల మొదట్లో ఈ దారి తెరిచింది. విజన్3 500టి మీది రెమ్‌జెట్‌ను ముందుగానే తొలగించి, 800టి పేరుతో ఏ సీ-41 ల్యాబ్‌లోనైనా కడిగించుకోగల రోల్‌గా అమ్మింది. ల్యాబ్ సమస్య తీరిపోయింది. కానీ పూతతోపాటు దాని రక్షణ కూడా పోయింది. వీధిదీపం, బండి హెడ్‌లైట్, నియాన్ బోర్డు లాంటి గట్టి వెలుగులు ఫిల్మ్ గుండా వెళ్లి వెనక లోహపు పలక మీద తగిలి తిరిగొస్తాయి. వెనక నుంచి వచ్చే వెలుగుకు ముందుగా ఎదురయ్యేది అట్టడుగున ఉండే ఎరుపు పొర. అందుకే దీపాల చుట్టూ ఎర్రటి గుండ్రం ఏర్పడుతుంది. కొందరు దాన్ని లోపమంటే, ఇంకొందరు దానికోసమే ఆ రోల్ కొంటారు. రెండూ నిజమే. ఫిల్మ్ గుణం అది కాదు, పూత లేకపోవడం వల్ల వచ్చినదన్న సంగతి మాత్రం కొనేవాళ్లకు తెలిసి ఉండాలి.

*నలుపు-తెలుపే మేలు.* ఈ వాదం తగవునే పక్కన పెట్టేస్తుంది. కొడక్ 1959 నుంచి తయారుచేస్తున్న డబుల్-ఎక్స్ 5222 సినిమా నెగెటివ్‌కు రెమ్‌జెట్ లేదు. డీ-76 లాంటి మామూలు డెవలపర్‌లో, మామూలు ట్యాంకులో ఇంట్లోనే కడుక్కోవచ్చు. సినిమా ల్యాబ్‌లు దానికోసం వాడే డీ-96లోనూ కడగొచ్చు. పగటి వెలుగులో దాని వేగం ఐఎస్‌ఓ 250, బల్బు వెలుగులో 200. కలర్ సినిమా ఫిల్మ్‌ను కూడా నలుపు-తెలుపు డెవలపర్‌లో కడిగేవాళ్లున్నారు. కలర్ నెగెటివ్‌కు ఉండే నారింజ ముసుగు మిగిలిపోతుంది, రెమ్‌జెట్ తుడవక తప్పదు, కాంట్రాస్ట్ తక్కువగా ఉంటుంది. కాలం చెల్లిన తుండ్లను వాడుకోవడానికి అది దారే కానీ, మంచి దారి కాదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

– ఈసీఎన్-2: రంగు నమ్మకంగా వస్తుంది. కాంట్రాస్ట్ తక్కువ. స్కాన్‌కు అనువు. ల్యాబ్‌లు అరుదు. ఇంట్లో చేయాలంటే రసాయనం తెప్పించుకోవాలి.

– పూత తీసి సీ-41: బొమ్మ గట్టిగా, కాస్త మొగ్గిన రంగులతో వస్తుంది. రసాయనం దొరుకుతుంది. ఇంటి ట్యాంకులోనే తప్ప, పూత ఉన్న రోల్‌ను ల్యాబ్‌కు ఇవ్వకూడదు.

– పూత లేకుండా అమ్మే రోల్: ఏ సీ-41 ల్యాబ్‌కైనా ఇవ్వొచ్చు. ఖర్చు ఎక్కువ. రాత్రి దీపాల చుట్టూ ఎర్రటి గుండ్రం.

– కొత్త వెలుగునిరోధక పొర ఉన్న విజన్3: యంత్రానికి మసి ప్రమాదం లేదు, గుండ్రాలూ రావు. రసాయనం విషయంలో సీడీ-3, సీడీ-4 తేడా అలాగే ఉంటుంది.

– డబుల్-ఎక్స్: తగవు లేదు. నలుపు-తెలుపు పద్ధతి తెలిసిన ఎవరైనా కడగగలరు.

రంధ్రాల తేడా మీద కూడా అప్పుడప్పుడూ వాదన లేస్తుంది. సినిమా నెగెటివ్ రంధ్రాలు బెల్ అండ్ హోవెల్ తరహా, వాటి మధ్య దూరం 4.740 మి.మీ. స్టిల్ ఫిల్మ్‌వి కొడక్ స్టాండర్డ్ తరహా, దూరం 4.750 మి.మీ. ఈ స్వల్ప తేడా 36 ఫోటోల రోల్‌లో మామూలు కెమెరా పళ్లను ఇబ్బంది పెట్టదు. దీన్ని పెద్ద వివాదంగా చూడనక్కర్లేదు. ఇంట్లో నింపిన క్యాసెట్ మీద ఫిల్మ్ వేగాన్ని కెమెరాకు చెప్పే డీఎక్స్ కోడ్ ఉండదు. వేగాన్ని చేతితో పెట్టుకోలేని చిన్న ఆటోమేటిక్ కెమెరాలకు అదే అసలు ఇబ్బంది.

శ్రీరాంపూర్ నుంచి చూస్తే

సింగరేణి బొగ్గు పట్టీకి తనదైన లెక్కలున్నాయి. మొదటిది ఎండ. వేసవిలో 45 డిగ్రీల వరకు వెళ్లే ప్రాంతమిది. వాడని ముడి ఫిల్మ్‌ను 13 డిగ్రీల లోపు ఉంచాలని కొడక్ చెబుతుంది. అంటే ఫ్రిజ్ తప్పనిసరి. బయటికి తీశాక డబ్బా మూత వెంటనే తెరిస్తే గాలిలో తేమ ఫిల్మ్ మీద చెమ్మగా దిగుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. తీసిన రోల్‌ను ఎండలో నిలిపిన బండి డిక్కీలో వదిలేస్తే రంగులు కడగకముందే చెడిపోతాయి.

ఇక్కడ వేడి ఒకచోట శత్రువు, ఇంకోచోట మిత్రుడు. నలుపు-తెలుపు డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు అంతకు రెట్టింపు వేడిగా వస్తాయి కాబట్టి మంచు ముక్కలు లేకుండా పని జరగదు. ఈసీఎన్-2కి కావాల్సింది 41.1 డిగ్రీలు. వేసవిలో ఆ వేడిని నిలబెట్టడం సులువు, చలికాలంలో బకెట్‌లో వేడినీళ్లు మార్చుతూ ఉండాలి. ఏడాదంతా ఒకే పద్ధతి పట్టుకోవడం కంటే కాలాన్ని బట్టి పని ఎంచుకోవడం ఈ ప్రాంతానికి తగిన తెలివి.

రెండోది దుమ్ము. ఓపెన్‌కాస్ట్ గనులు, బొగ్గు లారీల దారులు ఉన్న ఊళ్లో తడి నెగెటివ్‌ను కిటికీ పక్కన ఆరేస్తే అది జిగురు కాగితంలా ధూళిని పట్టుకుంటుంది. కిటికీలు మూసిన స్నానాల గదిలో, ముందుగా వేడినీళ్లు వదిలి గాలిలోని దుమ్మును దించి, అక్కడ వేలాడదీయడం పాత ఫోటోగ్రాఫర్ల పద్ధతి. మూడోది నీళ్లు. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఆఖరి కడుగుకు డిస్టిల్డ్ వాటర్ వాడకపోతే ఆరిన నెగెటివ్ మీద తెల్లచారలు మిగులుతాయి.

ఇంట్లో పూత తీయడం మాటల్లో వినిపించేంత భయంకరమైన పని కాదు. ట్యాంకులో ఫిల్మ్ ఉండగా, గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా లేదా వాషింగ్ సోడా కలిపి పోసి, ఒక నిమిషం నాననిచ్చి గట్టిగా కుదిపి వంపితే సిరాలాంటి నల్లనీళ్లు బయటికొస్తాయి. నీళ్లు తేటపడేదాకా మామూలు నీళ్లతో మళ్లీ మళ్లీ కడగాలి. ఆ తర్వాతే డెవలపర్. అంతా అయిపోయాక, ఆరబెట్టే ముందు, తడి మెత్తటి స్పాంజితో వెనకవైపును మాత్రమే ఒక్కసారి తుడిస్తే మిగిలిన మసి వస్తుంది. ఎమల్షన్ వైపు రుద్దితే గీతలు పడతాయి. ఈ ఒక్క జాగ్రత్త విస్మరించడం వల్ల పాడైన రోల్స్‌కు రసాయనాన్ని నిందించడం న్యాయం కాదు.

కొరియర్‌లో పంపేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. ఎక్కువ వేగం ఉన్న 500టి లాంటి ఫిల్మ్ విమానాశ్రయాల ఎక్స్‌రే స్కానర్లకు తొందరగా మసకబారుతుంది కాబట్టి రోడ్డు మార్గం మేలు. ప్రతి రోల్ మీద ఫిల్మ్ నంబరు, వెనక పూత ఉందో లేదో, ఏ పద్ధతిలో కడగాలో స్పష్టంగా రాయాలి. వాడేసిన బ్లీచ్, ఫిక్సర్‌లను బావి పక్కన, మొక్కల మొదట్లో పోయకూడదు. ఫిక్సర్‌లో కరిగిన వెండి ఉంటుంది. దాన్ని డబ్బాలో దాచి, వెండి తీసేవాళ్లకు ఇవ్వడం మంచిది.

ఎవరి సరుకు ఎవరికి?

సాంకేతిక వివాదం పక్కనే ఒక నైతిక వివాదం కూడా ఉంది. సినిమా ఫిల్మ్‌ను కొని, చిన్న క్యాసెట్లలో నింపి, కొత్త పేరు పెట్టి అమ్మేవాళ్లు పెరిగారు. సినిమా వాళ్ల కోసం తయారైన సరుకును ఇలా మళ్లించడం వల్ల షూటింగులకు కొరత వస్తుందని ఒక వాదం. ఫిల్మ్ మీద సినిమా తీసేవాళ్లే అరుదైన రోజుల్లో స్టిల్ ఫోటోగ్రాఫర్లు కొనడం వల్లే ఆ తయారీ యంత్రాలు తిరుగుతున్నాయని దానికి జవాబు. క్రిస్టఫర్ నోలన్ 'ఓపెన్‌హైమర్' (2023) కోసం కొడక్ 65 మి.మీ. డబుల్-ఎక్స్‌ను కొత్తగా తయారుచేసి ఇవ్వడం చూస్తే, గిరాకీ ఉంటే తయారీ ఆగదని తెలుస్తుంది. రెండు వాదాల్లోనూ నిజం ఉంది కానీ ఒక విషయంలో రాజీ కుదరదు. ఏ ఫిల్మ్ నింపారో, పూత ఉందో లేదో డబ్బా మీద రాయకుండా అమ్మడం కొనేవాళ్లకూ, కడిగే ల్యాబ్‌కూ ద్రోహమే. దాచిన ఒక్క నిజం వల్ల ఒక ల్యాబ్ మూతపడితే, ఆ ఊళ్లో ఫిల్మ్ తీసేవాళ్లందరికీ అది నష్టం.

ఇంకా తేలని సంగతులు

మూడు ప్రశ్నలు ఇంకా చర్చలోనే ఉన్నాయి. సినిమా ఫిల్మ్‌ను సీ-41లో కడిగితే ఏర్పడే రంగులు దశాబ్దాల పాటు నిలుస్తాయా అన్నది మొదటిది. వేరే రసాయనంతో పుట్టిన రంగు తొందరగా వెలసిపోవచ్చన్న అనుమానానికి శాస్త్రపరంగా ఆధారం ఉంది. అయితే ఎంత తొందరగా అన్నది కాలమే చెప్పాలి. కుటుంబ ఫోటోల వంటి దాచుకోవాల్సిన బొమ్మలకు సినిమా పద్ధతే ఎంచుకోవడం అందుకే క్షేమం. కొత్త పొర ఉన్న విజన్3ని సీ-41 యంత్రాలు పూర్తిగా ఆదరిస్తాయా, లేక పాత సరుకుతో పొరపాటు పడతామన్న భయంతో ల్యాబ్‌లు వద్దంటూనే ఉంటాయా అన్నది రెండోది. చిన్న ఊళ్లలో కడిగే వ్యవస్థ తిరిగి వస్తుందా అన్నది మూడోది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

తేలినవి

ఇంత చర్చ తర్వాత కొన్ని విషయాలు గట్టిగా చెప్పవచ్చు. ఫిల్మ్ సినిమాదా స్టిల్‌దా అన్నది దాని విలువను తేల్చదు. దాన్ని ఎందులో కడుగుతామో, ఆ నెగెటివ్‌తో ఏం చేయబోతున్నామో అవే తేలుస్తాయి. స్కాన్ చేయబోయే కలర్ రోల్‌కు ఈసీఎన్-2 మేలైన దారి. దొరకనప్పుడు పూత తీసి సీ-41లో కడగడం ఒప్పుకోదగ్గ రాజీ. రంగుల పేపర్ మీద నేరుగా ప్రింట్ వేయాలనుకునేవాళ్లకు సీ-41 రోలే సరైనది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, ముఖ్యంగా ల్యాబ్ దగ్గర్లో లేని శ్రీరాంపూర్ లాంటి ఊళ్లలో, డబుల్-ఎక్స్‌తో నలుపు-తెలుపు పద్ధతి నేర్చుకుంటే పని చేతికొస్తుంది. ఆ చేతికొచ్చిన పనితోనే తర్వాత కలర్‌కు వెళ్లొచ్చు.

ఒకే ఊళ్లో నలుగురు కలిసి ఒక ట్యాంకు, ఒక థర్మామీటరు, ఒక లీటరు రసాయనం పంచుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పొరపాట్లూ తగ్గుతాయి. ఒకరు చేసిన తప్పు నలుగురికి పాఠమవుతుంది. ఫోటో స్టూడియోలున్న ఊళ్లలో పాతతరం ఫోటోగ్రాఫర్ల చీకటిగది అనుభవం ఇంకా బతికే ఉంది. అది కొత్తతరం చేతికి అందాలంటే ముందు వెళ్లి అడగాలి. రోల్ ఎక్కడ కడిగించాలన్న ప్రశ్నకు దూరపు నగరం చిరునామా మాత్రమే జవాబు కానక్కర్లేదు. ఆ పని తెలిసిన నలుగురు ఊళ్లోనే తయారవడం దానికి నిలిచే జవాబు.